బీచ్ అడవిలో నీలం చుక్క: ఇంగ్లండ్ సుద్ద కొండల్లో నడవాలంటే ఫోన్‌లో ఏం ఉండాలి?

ఫోన్ రివ్యూల్లో జీపీఎస్‌కి దక్కే చోటు ఎంతో మీకు తెలుసు. కెమెరాకి పది పేరాలు, గేమింగ్‌కి ఐదు, జీపీఎస్‌కి మాత్రం "డ్యూయల్ ఫ్రీక్వెన్సీ సపోర్ట్ ఉంది" అని ఒక్క లైను. హైదరాబాద్‌లో క్యాబ్ బుక్ చేసుకోవడానికి అంతకుమించి అక్కర్లేదు కూడా. కానీ ఆ ఒక్క లైనుకి అసలు అర్థం తెలిసొచ్చే చోట్లు కొన్ని ఉంటాయి. దక్షిణ ఇంగ్లండ్‌లోని సుద్ద కొండలు, వాటిని కప్పుకున్న అడవులు అలాంటివే.

ఉద్యోగం మీద నేనిక్కడికి వచ్చి రెండేళ్లు దాటింది. శనివారం వస్తే నడకకి పోతుంటాను. ట్రెక్కింగ్ అనుకునేరు, కాదు. తాళ్లు, హెల్మెట్లు ఏమీ అక్కర్లేదు. బడిపిల్లలు, రిటైరైన పెద్దవాళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు నడిచే దారులే. ఏటా మాస్టర్స్‌కి, ఉద్యోగాలకి వస్తున్న మనవాళ్లలో చాలామంది లండన్, రీడింగ్, స్లౌ చుట్టుపక్కలే ఉంటారు. ఈ కొండలు అక్కణ్నుంచి రైల్లో ఓ గంట దూరం. అయినా వెళ్లేవాళ్లు తక్కువ. ఎందుకని అడిగితే నాకు ఎక్కువగా వినిపించే మాటలు రెండు. "దారి తప్పితే ఎలా?" అనేది ఒకటి. "ఎవరిదో పొలంలోకి వెళ్తే అరుస్తారేమో" అనేది రెండోది. రెండింటికీ జవాబు ఫోన్‌లో దొరుకుతుంది. కాకపోతే మనం రోజూ వాడే మ్యాప్ యాప్‌లో కాదు.

ముందు నేల గురించి

ఫోన్ పక్కన పెట్టి రెండు నిమిషాలు నేల సంగతి చూద్దాం. అది అర్థమైతే మ్యాప్ సగం అర్థమైనట్టే.

ఈ కొండలు సుద్దతో ఏర్పడ్డాయి. బళ్లో బోర్డు మీద రాసే సుద్దే అనుకోవచ్చు (ఇప్పుడొచ్చే సుద్దముక్కలు చాలావరకు జిప్సంతో చేసినవి, అది వేరే కథ). సుమారు 10 కోట్ల ఏళ్ల నుంచి 6.6 కోట్ల ఏళ్ల కిందటి దాకా ఇక్కడ సముద్రం ఉండేది. అందులో తేలిన, కంటికి కనిపించనంత చిన్న నాచు జీవుల సున్నపు పెంకులు అడుగున పేరుకుని పేరుకుని ఈ తెల్ల రాయి అయింది. మధ్యమధ్యలో నల్లటి చెకుముకి రాళ్లు కనిపిస్తాయి. పగిలితే అంచు కత్తిలా ఉంటుంది. పల్చటి అడుగున్న స్నీకర్లు వేసుకుంటే పాదానికి తెలిసిపోతుంది.

సుద్ద గుణం ఏమిటంటే నీళ్లని తాగేస్తుంది. మన తెలంగాణలో కింద గ్రానైట్ ఉంటుంది, వాన పడితే నీరు పైపైనే పారుతుంది, అందుకే మనవాళ్లు కట్టలు కట్టి చెరువులు నింపారు. ఇక్కడ పూర్తిగా తిరగబడిన వ్యవహారం. కొండ మీద చెరువు లేదు, వాగు లేదు. లోయలున్నాయి, కానీ చాలావాటిలో నీళ్లుండవు. పైన ఇంకిన నీరు కొండ అడుగున ఊటగా బయటికొస్తుంది. అందుకే వెండోవర్, ప్రిన్సెస్ రిస్‌బరో, చిన్నర్, వాట్లింగ్టన్ లాంటి ఊళ్లన్నీ కొండ పాదం వెంబడి దండలో పూసల్లా వరసగా ఉంటాయి. మనకి దీనివల్ల తెలియాల్సింది ఒకటే: పైన నీళ్లు దొరకవు, సీసా కిందే నింపుకోండి.

ఈ కొండల్ని డౌన్స్ అంటారు. పైకి ఎక్కేవాటిని డౌన్ అనడమేంటని నాకూ వింతగా అనిపించింది. పాత ఇంగ్లీషులో కొండ అనే అర్థమున్న మాట నుంచి ఆ పేరొచ్చింది. "కిందికి" అనే అర్థంలో వాడే మాట కూడా అక్కణ్నుంచి పుట్టిందే. బీచ్ అన్నా తికమక పడకండి. సముద్రపు ఒడ్డు కాదు, అదో చెట్టు పేరు. నున్నటి బూడిదరంగు మాను, పైన గొడుగులా ఆకులు, కింద పొదలు దాదాపుగా ఉండవు. లండన్‌కి వాయవ్యంగా ఉన్న చిల్టర్న్ కొండలు ఈ బీచ్ అడవులకి పేరుపడ్డవి. ఒకప్పుడు హై వికమ్‌లో కుర్చీల పరిశ్రమకి కలప ఇక్కణ్నుంచే వెళ్లేది.

చెట్లు లేని చోట సుద్ద గడ్డినేల ఉంటుంది. గొర్రెలు మేసి మేసి పొట్టిగా ఉంచిన గడ్డి. మట్టి పొర పల్చన, బలం తక్కువ. అందుకే ఏ ఒక్క మొక్కా మిగతావాటిని తొక్కేసి ఎదగలేదు. ఒక చదరపు మీటరులో 40 దాకా జాతుల మొక్కలు కనిపించే చోట్లున్నాయి. జూలైలో వెళ్తే చిన్న చిన్న నీలం సీతాకోకచిలుకలు పాదాల చుట్టూ లేస్తాయి. ఫోన్‌లో మాక్రో మోడ్ ఎందుకిచ్చారా అనుకునేవాళ్లు అక్కడ మోకాళ్ల మీద కూర్చుని చూడండి.

ఆకుపచ్చ గీత అంటే హక్కు

ఇప్పుడు అసలు విషయం. మన దగ్గర అడవిలో నడవాలంటే అటవీ శాఖ అనుమతి గుర్తొస్తుంది. పొలంలో నడవాలంటే రైతుకి పరిచయం ఉండాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో చట్టం వేరు. పొలం ప్రైవేటుదే, దాని గుండా పోయే దారిలో నడిచే హక్కు మాత్రం అందరిదీ. ఇలాంటి దారుల్ని 1949లో వచ్చిన ఒక చట్టం కింద స్థానిక ప్రభుత్వాలు మ్యాపుల మీద నమోదు చేశాయి. దాన్ని డెఫినిటివ్ మ్యాప్ అంటారు. అందులో దారి ఉందంటే ఆ దారి ఉన్నట్టు చట్టపరంగా తిరుగులేని రుజువు. ఇది కాక 2000లో వచ్చిన ఇంకో చట్టం కొండలు, గడ్డినేలల్లో కొన్ని ప్రాంతాల్ని దారితో పనిలేకుండా ఎటైనా నడవడానికి తెరిచింది.

మన భాషలో చెప్పాలంటే డెఫినిటివ్ మ్యాప్ అసలు డేటాబేస్. 1791లో మొదలైన ఆర్డ్‌నెన్స్ సర్వే అనే ప్రభుత్వ సంస్థ గీసే మ్యాపులు దాని నుంచి తీసుకున్న నమ్మదగిన కాపీ. 2004లో ఇంగ్లండ్‌లోనే పుట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ జనం నడిచి, చూసి, నింపిన కాపీ. గూగుల్ మ్యాప్స్‌కి ఈ లెక్కే వేరు. అది కార్లు, షాపులు, రోడ్ల కోసం కట్టిన మ్యాప్. ఫలానా దారిలో నడవడానికి మీకు హక్కుందా లేదా అన్నది అది చెప్పదు. అది చెప్పాల్సిన పని దానికి ఎవరూ అప్పగించలేదు కూడా.

ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపుల్లో నడకకి పనికొచ్చేది 1:25,000 స్కేలుది, ఎక్స్‌ప్లోరర్ అంటారు. మ్యాప్ మీద నాలుగు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. కాగితం మ్యాప్‌కి నారింజ రంగు అట్ట ఉంటుంది. లోపల ఇచ్చిన కోడ్‌తో అదే మ్యాప్‌ని ఫోన్‌లోకి దించుకోవచ్చు. అందులో పొట్టి ఆకుపచ్చ గీతలు కాలినడక దారి, పొడుగు ఆకుపచ్చ గీతలు గుర్రాలూ సైకిళ్లూ వెళ్లగల దారి. లేత పసుపు రంగు పూసిన ప్రాంతం ఎటైనా నడవగలిగే నేల. నల్ల చుక్కల గీతలు కూడా కనిపిస్తాయి, జాగ్రత్త. అక్కడ నేల మీద దారి ఉందని చెప్తాయి గానీ, నడిచే హక్కుందని చెప్పవు. ఈ ఒక్క తేడా తెలిస్తే చాలు, చాలా భయం పోతుంది. నేల మీద గుర్తులు కూడా దీనికి సరిపోతాయి. పసుపు బాణం కాలినడకకి, నీలం బాణం గుర్రాల దారికి. జాతీయ నడక దారుల మీద ఓక్ కాయ గుర్తు ఉంటుంది.

ఈ గీత ఎంత గట్టిదో చూడాలంటే చెకర్స్ దగ్గరికి వెళ్లాలి. చిల్టర్న్ కొండల్లో ఉన్న ఆ పాత భవనం బ్రిటన్ ప్రధాని సెలవు నివాసం. ఆ ఎస్టేట్‌లోకి అనుమతి లేకుండా అడుగుపెడితే నేరం కింద కేసు పెట్టొచ్చు. మామూలుగా ఇంగ్లండ్‌లో ఒకరి నేలలోకి వెళ్లడం సివిల్ తగాదా మాత్రమే, నేరం కాదు. ఇలాంటి కొన్ని చోట్లు దానికి మినహాయింపు. అయినా ఎవ్‌బరీ దగ్గర మొదలై 139 కిలోమీటర్లు సాగే రిడ్జ్‌వే అనే జాతీయ నడక దారి ఆ ఎస్టేట్ గుండానే, భవనానికి వెళ్లే కారు దారిని అడ్డంగా దాటుకుంటూ పోతుంది. గేటు తీసుకుని దాటొచ్చు, మిమ్మల్ని ఎవరూ ఆపరు. అదే గీత వదిలి పక్కకి నడిచారంటే కథ వేరుగా ఉంటుంది. కెమెరాలు, హెచ్చరిక బోర్డులు బాగానే కనిపిస్తాయి.

ఇంకోసారి ఒక చిన్న ఊరి చివర ఆకుపచ్చ గీత నేరుగా ఒక ఇంటి వాకిట్లోంచి పోతోంది. నిజంగానే వాకిలి. పూల కుండీలు, కడిగి ఆరబెట్టిన బూట్లు, పక్కన కారు. ఈ పల్లెల్లో మనలాంటి ముఖాలు తక్కువే కనిపిస్తాయి, అందుకని నా కాళ్లు కాసేపు ఆగిన మాట నిజం. మ్యాప్‌ని జూమ్ చేసి చూశాను, గీత అక్కడే ఉంది. నడిచాను. తోటపని చేసుకుంటున్న పెద్దాయన తలెత్తి, దారి ఆ షెడ్డు వెనకగా ఉందని చేత్తో చూపించి మళ్లీ పనిలో పడ్డాడు. అంతే జరిగింది. ఆ పూట నా ఫోన్‌లో ఆ గీత లేకపోతే ఆ వాకిలి చూసి వెనక్కి తిరిగేవాణ్నే.

జీపీఎస్ ఎక్కడ తడబడుతుంది

ఇక చిప్ సంగతి. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ సుమారు ఐదు మీటర్ల లోపు తేడాతో మీ చోటు చెప్తుంది. గడ్డి కొండ మీద నిలబడితే ఇది హాయిగా సాధ్యం. తమాషా ఏంటంటే అక్కడ మీకు జీపీఎస్ అవసరమే ఉండదు. దారి తెల్లగా కంటి ముందే కనిపిస్తుంది, చుట్టూ పది మైళ్లు కనిపిస్తాయి.

అవసరం పడేది రెండు చోట్ల. మొదటిది దున్నిన పొలం. దారి పొలం మధ్యనుంచి పోతుంటే రైతు దున్నుకోవచ్చు గానీ, విత్తడానికి దున్నిన తర్వాత 14 రోజుల్లోపు దారిని మళ్లీ నడవగలిగేలా చేయాలని చట్టం. ఆ రెండు వారాల్లో వెళ్లారంటే ఎదురుగా గోధుమరంగు మట్టి తప్ప ఏమీ ఉండదు. అవతలి కంచెలో గేటు ఎక్కడుందో తెలియాలి. ఇక్కడ ఆకాశం పూర్తిగా తెరిచి ఉంటుంది కాబట్టి ఫోన్ చుక్క గీత మీద చక్కగా నడుస్తుంది. జీపీఎస్ తన జీతం తను సంపాదించుకునే చోటు ఇదే.

రెండోది బీచ్ అడవి. అవసరం ఎక్కువ, సిగ్నల్ తక్కువ. జూన్‌లో బీచ్ ఆకుల కప్పు దట్టంగా ఉంటుంది. ఆకుల్లో ఉండే నీరు శాటిలైట్ సిగ్నల్‌ని పీల్చేస్తుంది. మానులకి తగిలి తిరిగొచ్చిన సిగ్నల్ కొంచెం ఆలస్యంగా చేరుతుంది. ఫోన్ ఆ ఆలస్యాన్ని దూరం అనుకుని లెక్క తప్పుతుంది. మన గచ్చిబౌలిలో అద్దాల బిల్డింగుల మధ్య క్యాబ్ చుక్క పక్క రోడ్డు మీదకి గెంతుతుందే, సరిగ్గా అదే జబ్బు. దానికి తోడు వందల ఏళ్లుగా బళ్లు, పశువులు, వాన నీరు కలిసి సుద్దని కోసేసిన లోతైన దారులు ఉంటాయి. రెండు వైపులా మనిషెత్తు గట్లు, పైన కొమ్మలు. ఆకాశం చీలికలా కనిపిస్తుంది. నాలుగు శాటిలైట్లు దొరకడమే గగనం.

డ్యూయల్ ఫ్రీక్వెన్సీ ఇక్కడ పనికొస్తుంది. పాత ఫోన్లు 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గరి ఎల్1 సిగ్నల్ ఒక్కటే వినేవి. 2018లో వచ్చిన షావోమీ ఎంఐ 8తో మొదలై ఇప్పుడు చాలా ఫోన్లు 1176.45 మెగాహెర్ట్జ్ దగ్గరి ఎల్5 కూడా వింటాయి. ఎల్5 సిగ్నల్ నిర్మాణం అసలు సిగ్నల్‌కీ, తగిలి తిరిగొచ్చినదానికీ తేడా బాగా పట్టిస్తుంది. చెట్లని తీసేయదు, కానీ చుక్క గెంతులు తగ్గుతాయి. నా పాత ఎల్1 ఫోన్‌నీ ఇప్పటిదాన్నీ రెండు జేబుల్లో వేసుకుని ఒకే అడవి దారిలో రికార్డ్ చేసి చూశాను. పాతది గీసిన దారి తాగినవాడి నడకలా ఉంది. కొత్తది కూడా నిటారుగా లేదు, మలుపుల దగ్గర కోసుకుపోయింది, కానీ పక్క దారిలోకి దూకలేదు.

మనవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న: నావిక్ ఉన్న ఫోన్ తెచ్చుకుంటే మేలా? ఇస్రో నావిక్‌ని భారతదేశం, దాని చుట్టూ 1,500 కిలోమీటర్ల పరిధి కోసం కట్టింది. ఇంగ్లండ్ ఆ పరిధిలోకి రాదు. ఇక్కడ అదనపు బలం యూరప్ వాళ్ల గెలీలియో ఇస్తుంది. దాదాపు కొత్త ఫోన్లన్నీ దాన్ని వింటాయి, మీరు ఏ సెట్టింగూ మార్చక్కర్లేదు.

కొనేముందు ఒక మాట, అడిగితేనే చెప్పే అభిప్రాయం అనుకోండి. జీపీఎస్ కోసమే ఫోన్ మార్చకండి. అడవిలో పది మీటర్ల తేడా వచ్చినా, సరైన మ్యాప్ ఉంటే మీరు ఏ దారిలో ఉన్నారో తేలిపోతుంది. మ్యాప్ తప్పుదైతే రెండు మీటర్ల ఖచ్చితత్వం ఉన్నా "మీరు ఆకుపచ్చ మచ్చ మధ్యలో ఉన్నారు" అని ఖచ్చితంగా చెప్తుంది, దాన్నేం చేసుకోవాలి?

చుక్క తడబడినప్పుడు ఫోన్ దించి మానుల మీద చూడండి. చిల్టర్న్ అడవుల్లో స్థానిక సంఘం వాలంటీర్లు చెట్లకి తెల్ల పెయింట్‌తో బాణాలు వేస్తారు. శరత్కాలంలో రాలిన ఆకులు దారిని పూర్తిగా కప్పేసినప్పుడు అవే దిక్కు. ఇంకొకటి, ఆగి ఉన్నప్పుడు దిక్కు చూపేది జీపీఎస్ కాదు, ఫోన్ లోపలి మాగ్నెటోమీటర్. అయస్కాంతం ఉన్న కవరు, వెనక అంటించే కార్డు పర్సు దాన్ని పిచ్చెక్కిస్తాయి. అడవిలో బాణం వెనక్కి చూపిస్తోందనిపిస్తే ముందు కవరు తీసి చూడండి.

మొదటి నడక: వెండోవర్ నుంచి కూంబ్ హిల్

ఒక్కటే చెప్పమంటే నేను ఇది చెప్తాను. లండన్ మెరిల్‌బోన్ స్టేషన్‌లో ఎక్కితే ఓ యాభై నిమిషాల్లో వెండోవర్. స్టేషన్ బయటికొచ్చి కొండవైపు రోడ్డు పట్టుకుని రైలు పట్టాలు, బైపాస్ రోడ్డు దాటాక ఎడమవైపు రిడ్జ్‌వే గుర్తు, ఓక్ కాయ కనిపిస్తాయి. అక్కణ్నుంచి బేకమ్ హిల్ ఎక్కడం. మొదటి పదిహేను నిమిషాలే ఆయాసం. తర్వాత కొండ అంచు వెంబడి గడ్డి, పొదల మధ్య దాదాపు చదునుగా సాగి కూంబ్ హిల్ చేరుతుంది. ఎత్తు 260 మీటర్లు, చిల్టర్న్‌లో ఎత్తైన చోట్లలో ఒకటి. పైన బోయర్ యుద్ధంలో చనిపోయిన ఆ జిల్లా సైనికుల కోసం 1904లో కట్టిన స్తంభం ఉంది. కింద ఐల్స్‌బరీ మైదానం పరుచుకుని ఉంటుంది. ఒక పక్క చెట్ల మధ్య చెకర్స్ కనిపిస్తుంది. తల మీద ఎర్రగద్దలు తిరుగుతుంటాయి. ఇంగ్లండ్‌లో లేకుండా పోయిన ఈ పక్షుల్ని 1989 నుంచి స్పెయిన్ పిల్లల్ని తెచ్చి ఈ కొండల్లో వదిలారు. ఇప్పుడు తలెత్తితే చాలు కనిపిస్తాయి. ఫోన్ జూమ్ టెస్ట్ చేయడానికి ఇంతకంటే మంచి సబ్జెక్ట్ నాకు దొరకలేదు.

వచ్చిన దారిలోనే తిరిగిరావచ్చు. లేదా స్తంభం వెనక ఉన్న అడవిలోకి వెళ్లి ఆకుపచ్చ గీతలు కలుపుకుంటూ వెండోవర్‌కి దిగొచ్చు. ఇక్కడే ఒక సంగతి గమనిస్తారు. కొండ వాలు పొడిగా ఉంటుంది, కొండ నెత్తిన అడవిలో మాత్రం బురద. సుద్ద మీద చెకుముకి రాళ్లు కలిసిన బంకమట్టి పొర ఉండడమే కారణం, ఆ మట్టి నీళ్లని వదలదు. తడిసిన సుద్ద వాలు ఇంకో రకం ప్రమాదం. సబ్బు మీద కాలేసినట్టే. వాన పడ్డ మర్నాడు నిటారు దారిలో ఎక్కండి, వాలు తక్కువున్న దారిలో దిగండి.

వెండోవర్ పక్కన హెచ్ఎస్2 హైస్పీడ్ రైలు పనులు జరుగుతున్నాయి. ఆ పనుల కోసం కొన్ని దారుల్ని మళ్లించారు. ఇలాంటి తాత్కాలిక మార్పులు ఫోన్‌లో దించుకున్న మ్యాప్‌కి తెలియవు. బోర్డుకీ యాప్‌కీ తేడా వస్తే బోర్డు మాటే వినండి.

రీడింగ్‌లో ఉన్నవాళ్లకి గోరింగ్ అండ్ స్ట్రీట్లీ స్టేషన్ ఇంకా దగ్గర, అక్కడి లార్డన్ చేజ్ గడ్డి కొండ నుంచి థేమ్స్ లోయ కనిపిస్తుంది. లండన్‌కి దక్షిణాన బాక్స్ హిల్ అందరూ వెళ్లేదే, ఆదివారం తిరునాళ్లలా ఉంటుంది. రీల్స్‌లో చూసే తెల్లటి సెవెన్ సిస్టర్స్ కొండ చరియలు కూడా ఇదే సుద్ద. అక్కడ అంచు చెప్పాపెట్టకుండా విరిగి పడుతుంది. ఫొటో కోసం అంచుకి వెళ్లొద్దు, కిందనుంచి చూస్తే మీరు నిలబడ్డ చోటు కింద ఏమీ ఉండకపోవచ్చు.

వెలుతురు, బ్యాటరీ

ఈ దారుల్లో నిజమైన ప్రమాదం కొండలో లేదు, గడియారంలో ఉంది. డిసెంబర్ మధ్యలో లండన్ దగ్గర సూర్యుడు నాలుగింటికి కాస్త ముందే అస్తమిస్తాడు. అడవిలో ఇంకా ముందే చీకటి. మన ఊరి సంధ్యవేళ లెక్కలు ఇక్కడ పనికిరావు.

మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరు కుర్రాళ్లు ఇలాగే డిసెంబర్ శనివారం మధ్యాహ్నం రెండింటికి రైలు దిగారు. పైన ఫొటోలు, వీడియో కాల్‌లో ఇంట్లోవాళ్లకి కొండ చూపించడం, అన్నీ అయ్యేసరికి మూడున్నర. అడవిలోకి దిగగానే నెట్‌వర్క్ పోయింది. మ్యాప్ బూడిదరంగు గళ్లుగా మారింది. ఒకరి ఫోన్ పద్దెనిమిది శాతం చూపిస్తూనే చల్లబడి ఆఫ్ అయిపోయింది. కార్ల చప్పుడు పట్టుకుని రోడ్డెక్కారు గానీ, ఆ రోడ్డుకి ఫుట్‌పాత్ లేదు, దీపం లేదు, మలుపులు మాత్రం ఉన్నాయి. "అన్నా, కారు మా పక్కనుంచి పోతుంటే గాలి తగిలింది" అన్నాడు ఒకడు సోమవారం. కుక్కతో వస్తున్న ఒకావిడ టార్చి వేసి స్టేషన్ దాకా నడిపించింది.

వాళ్ల ఫోన్లలో తప్పేమీ లేదు. చలికి లిథియం బ్యాటరీ లోపల రసాయన చర్య మందగించి అంతర్గత నిరోధం పెరుగుతుంది. కెమెరా లాంటివి ఒక్కసారిగా కరెంట్ లాగితే వోల్టేజ్ పడిపోయి ఫోన్ తనని తాను ఆపేసుకుంటుంది. ఐఫోన్‌కి ఆపిల్ చెప్పే వాడుక ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. కాబట్టి ఫోన్ బ్యాగు బయటి జేబులో కాదు, జాకెట్ లోపలి జేబులో ఉండాలి. పవర్ బ్యాంక్ కూడా అక్కడే. నెట్‌వర్క్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూ బ్యాటరీ తాగేస్తుంది, ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసేయండి. జీపీఎస్‌కి నెట్‌వర్క్‌తో పనిలేదు, అది వినడమే తప్ప పంపదు. ఒక్క చిక్కు: ఇంటర్నెట్ లేకుండా ఫోన్ శాటిలైట్ వివరాలు నేరుగా ఆకాశం నుంచే తీసుకోవాలంటే, ఒక్కో శాటిలైట్ తన వివరాల్ని 30 సెకన్లకోసారి చెప్తుంది. అడవిలో అది మధ్యమధ్యలో తెగిపోతే మళ్లీ మొదటికొస్తుంది. అందుకని స్టేషన్‌లోనే మ్యాప్ యాప్ తెరిచి, చుక్క కుదురుకున్నాక ఎయిర్‌ప్లేన్ మోడ్ వేస్తే మంచిది.

మ్యాప్‌ని ఇంట్లో వైఫై మీదే ఆఫ్‌లైన్‌గా దించుకోండి. ఆర్డ్‌నెన్స్ సర్వే యాప్‌కి చందా కట్టాలి. డబ్బులు వద్దనుకుంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌ఆండ్ ఉచితంగా దొరుకుతాయి. అడవి లోపలి చిన్న దారులు వీటిలోనే బాగా ఉంటాయి, కానీ ఏది హక్కున్న దారో స్పష్టంగా తెలియదు. నేను రెండూ ఉంచుకుంటాను. దించుకున్నాక ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, జూమ్ చేసి ఒకసారి చూడండి. బూడిదరంగు గళ్లు ఇంట్లోనే కనిపిస్తే అదృష్టమే.

సమయం లెక్కకి నైస్మిత్ సూత్రం ఉంది. 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పింది, ఇప్పటి యాప్‌లు కూడా దీని మీదే లేదా దీని రూపాల మీదే లెక్కేస్తాయి. ఐదు కిలోమీటర్లకి ఒక గంట, 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. ఆరు కిలోమీటర్లు నడిచి 130 మీటర్లు ఎక్కారంటే 72 నిమిషాలు, 13 నిమిషాలు, మొత్తం గంటన్నర లోపే. ఇది ఆగకుండా నడిచేవాడి లెక్క. ఫొటోలు, పులిహోర డబ్బా, కంచెల మీది చెక్క మెట్లు దాటడం, దూడలున్న ఆవుల మందని చుట్టుతిరిగి పోవడం కలిపితే రెట్టింపు వేసుకోండి. చలికాలంలో ఆ మొత్తాన్ని సూర్యాస్తమయంలోంచి తీసేస్తే వచ్చేదే మీరు రైలు దిగాల్సిన ఆఖరి సమయం. దానికి ఇంకో అరగంట ముందు నా అలారం.

ఏదైనా జరిగితే 999 లేదా 112. మీ నెట్‌వర్క్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ దొరికితే కాల్ దాని మీదుగా వెళ్తుంది. కాల్ చేసినప్పుడు ఫోన్ మీ చోటుని తనంతట తనే పంపే ఏర్పాటు కూడా 2014లో బ్రిటన్‌లోనే మొదలైంది. మాట్లాడేంత సిగ్నల్ లేనప్పుడు మెసేజ్ ఒక్కోసారి వెళ్తుంది. దానికి ముందే పేరు నమోదు చేసుకోవాలి. మీ యూకే సిమ్ నుంచి రిజిస్టర్ అనే మాటని ఇంగ్లీషులో టైప్ చేసి 999కి పంపండి. జవాబుగా వచ్చిన మెసేజ్ చదివి యస్ అని పంపండి. నమోదైనట్టు ఇంకో మెసేజ్ వచ్చేదాకా ఆగండి. రైలెక్కాక కూర్చుని చేసుకున్నా సరిపోతుంది.